పడవ మీద ట్యాంకు కట్టిన కాశింవలి

తిరుపతి రైల్వే స్టేషను నుంచి బస్టాండు దాకా ఉన్న లాడ్జీల్లో ఏ గదిలోకి పోయి షవరు తిప్పినా, సగానికి సగం కాశింవలి బిగించినవే. ముప్పై ఏళ్ళుగా అతనికి ప్లంబరు పనే. గోడలో పైపు ఎటు తిరిగి ఎటు పోయిందో ఆ గోడ కట్టిన మేస్త్రీ మరిచిపోయినా కాశింవలి మరిచిపోడు. అయితే లాడ్జీ మేనేజర్లు అతన్ని నెత్తిన పెట్టుకున్నది షవర్ల వల్ల కాదు, ఒక వాల్వు వల్ల. కొండ దిగి వచ్చిన యాత్రికులు షవరు కింద నిలబడితే ఇక కదలరని మేనేజర్ల ఏడుపు. అందుకని కాశింవలి ప్రతి అంతస్తుకూ, మెట్ల కిందో చీపుర్లు పెట్టుకునే మూలలోనో, ఎవరి కంటా పడకుండా ఒక వాల్వు పెట్టేవాడు. ఉదయం తొమ్మిది కొట్టగానే మేనేజరు పోయి దాన్ని మూసేస్తాడు. గదిలో తలకు సబ్బు రుద్దుకుని నిలబడ్డ మనిషి ట్యాంకులో నీళ్ళయిపోయాయి కాబోలు అనుకుని తువ్వాలుతో తుడుచుకుంటాడు. దానికి లాడ్జీల్లో మేనేజరు వాల్వు అని పేరు. అది తన బుర్రలో పుట్టిందేనని కాశింవలి పెళ్ళిళ్ళలో, పెద్ద కర్మల్లో, ఎక్కడ నలుగురు కూర్చుంటే అక్కడ చెప్పేవాడు. అతని భార్య జహీరున్నీసా ఆ కథను ఎన్నిసార్లు విన్నదంటే, తప్పు పోతే పక్కనుంచి అందించేది.

ఇంత చేసిన పెద్దమనిషి కొర్లగుంటలోని సొంత ఇంట్లో ఒక్క షవరు పెట్టలేదు. జహీరున్నీసా పెళ్ళయిన ఏడే అడిగింది. ఈ సీజను అయిపోనీ అన్నాడు. తిరుపతిలో సీజను అయిపోవడం ఎవరైనా చూశారా? వేసవి సెలవులు పోతే బ్రహ్మోత్సవాలు, అవి పోతే వైకుంఠ ఏకాదశి. కూతురు అఖ్సా పుట్టింది, పెరిగింది, పెళ్ళయి చిత్తూరు పోయింది. జహీరున్నీసా మాత్రం ఇరవై ఆరేళ్ళుగా బకెట్టూ చెంబుతోనే స్నానం చేస్తోంది. మంచం కింద అట్టపెట్టెలో పదకొండు షవర్లు పడి ఉన్నాయి, అన్నీ లాడ్జీల్లో మిగిలినవి. ఇల్లు ఊడ్చేటప్పుడు ఆమె ఆ పెట్టెను చీపురుతో అవతలికి నెట్టి, ఊడ్చి, మళ్ళీ ఇవతలికి నెట్టేది. అడగడం మాత్రం ఎప్పుడో మానేసింది.

రెండువేల తొమ్మిదిలో కాశింవలికి శ్రీసిటీలో కడుతున్న ఒక ఫ్యాక్టరీలో పైపుల పని దొరికింది. తడలో గది తీసుకుని ఉన్నాడు. ఒక ఆదివారం ఊసుపోక పులికాట్ సరస్సు చూడటానికి పోయాడు. అక్కడే మతి పోయింది. మూడు రోజులకోసారి కుళాయి వచ్చే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, బిందెలు లైన్లో పెట్టుకున్న ఆడవాళ్ళ మధ్య చిన్నతనం గడిచిన మనిషి, కనుచూపు మేర నీళ్ళు ఒక్క పైపూ లేకుండా ఊరికే పడి ఉండటం చూసి గట్టు మీద కూలబడిపోయాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అక్కడే. చలికాలంలో పక్షులు చూడటానికి వచ్చేవాళ్ళను తిప్పే గంగాధరం అనే పడవవాడితో జత కుదిరింది. గంగాధరం దగ్గర ఇంజను బిగించిన పాత చిన్న ఫైబర్ పడవ ఒకటి మిగులుగా ఉంటే, నాలుగు నెలలు తిరిగేసరికి అది కాశింవలిది అయిపోయింది. నడిపేది గంగాధరమే. కాశింవలి ముందు బల్ల మీద కూర్చుని గర్వపడేవాడు.

నవంబరులో భార్యను తీసుకొచ్చి ఎక్కించాడు. ఆమె కొత్త చీర కట్టుకొచ్చింది. పడవ కిలోమీటరు పోయి బురదలో ఇరుక్కుంది. పులికాట్ చూడటానికి సముద్రమంత ఉంటుంది గానీ చాలా చోట్ల మోకాలి లోతే. అందరూ దిగి తోయాల్సి వచ్చింది, జహీరున్నీసాతో సహా. పక్షులు ఎటో ఎగిరిపోయాయి. ఆమె మాత్రం ఉప్పునీళ్ళలో తడిసిన చీరతో, శ్రీకాళహస్తి మీదుగా మూడు గంటలు బస్సులో కూర్చుని తిరుపతి చేరింది. దారి పొడుగునా ఉప్పు ఆరి, కాళ్ళ మీద తెల్లగా పేరుకుని, ఒకటే దురద. పక్క సీటామె ఏదో అంటువ్యాధి అనుకుని లేచిపోయింది. జహీరున్నీసాకు అన్నిటికన్నా తల కొట్టేసినట్టు అయింది దానికే.

ఇంటికొచ్చాక కాశింవలి ఈసారి లోతున్న దారిన పోదామని బుజ్జగించాడు. ఆమె బకెట్లో నీళ్ళు తోడుకుంటూ, తల తిప్పకుండా చెప్పింది.

"నీ పడవలో మంచినీళ్ళ షవరు పెట్టు. అప్పుడొస్తా."

ఆమె మాటకు అర్థం ఈ జన్మలో రానని. ఇంట్లో పెట్టని వాడు పడవలో పెడతాడా? కాశింవలికి మాత్రం అది పని అప్పగించినట్టు వినిపించింది. ఇరవై ఆరేళ్ళ బాకీ ఒకటి తన నెత్తిన ఉందని అతనికి తెలియక కాదు. పడవలోనైనా సరే, తన చేతి షవరు కింద ఆమె ఒక్కసారి నిలబడితే చాలు, ముఖం ఎత్తి తిరగొచ్చు అనుకున్నాడు. ఫిబ్రవరి దాటితే పక్షులు వెళ్ళిపోతాయి. ఆ లోపలే అయిపోవాలని మొండిపట్టు పట్టాడు.

జనవరిలో సంక్రాంతి జనం సద్దుమణిగాక, వంద లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, నాలుగు ఇనప పైపులు, ఒక గోనె నిండా సామాను తడ బస్సు మీదికి ఎక్కించాడు. రేవులో దింపేసరికి చేపల బుట్టతో పోతున్న కుప్పమ్మ అనే ఆమె ఆగి, ఇల్లు యాడ కడతా ఉండావని అడిగింది. పడవలో అన్నాడు. ఆమె నాలుగడుగులు పోయి, బుట్ట దింపి, చూద్దామని అక్కడే కూర్చుంది.

కాశింవలి పనిమంతుడు. ఆ మాట కాదనడానికి లేదు. పడవ నడిమి బల్లకూ రెండు అంచులకూ నాలుగు పైపులు బోల్టులతో బిగించాడు. ఆరడుగుల ఎత్తున ట్యాంకు కూర్చోబెట్టాడు. దాని కింద లాడ్జీల్లో ఏసీ గదులకు మాత్రమే వేసే వెండి రంగు షవరు పెట్టాడు. షవరు పక్కన సబ్బు పెట్టె బిగించాడు. సబ్బు పెట్టె పక్కన తువ్వాలు వేసుకునే కడ్డీ. ఇవన్నీ ఎందుకని గంగాధరం అడిగితే, అవి లేకపోతే దాన్ని బాత్రూము అనరని చెప్పాడు.

గంగాధరం ఆ ట్యాంకు వైపే చూస్తూ చాలాసేపు బీడీ కాల్చాడు.

"అన్నా, పడవకి బరువు కిందుండాల. నువ్వు తలమీద పెడతా ఉండావు."

"గంగాధరం, పడవ నీకు తెలుసు. నీళ్ళు నాకు తెలుసు" అన్నాడు కాశింవలి. "నీళ్ళు పైనుంచే రావాలప్పా. ముప్పై ఏండ్లుగా నేను కట్టిన ట్యాంకు ఒక్కటి పడింది చూపించు."

నిజమే, ఒక్కటీ పడలేదు. తిరుపతిలో మిద్దెలు కదలవు కదా. ప్లంబరు అనే వాడికి ఆ ఊళ్ళో మొదట నేర్పేదే అది: కుళాయి వచ్చినప్పుడు పట్టుకో, పైకెక్కించు, అక్కడినుంచి దింపుకో. కాశింవలి ఎముకల్లో ఇంకిపోయిన విద్య అది. ఏ ఇంటికి పోయినా ముందు తలెత్తి మిద్దె చూస్తాడు. పడవకు మిద్దె లేదు కాబట్టి తనే ఒకటి కట్టాడు.

భార్యను తెచ్చే ముందు ఒకసారి పరీక్ష చూద్దామనుకున్నాడు. ఆ బుద్ధి పుట్టడం దేవుడి దయ. తడనుంచి క్యాన్లతో మంచినీళ్ళు మోసి ట్యాంకు నింపారు. రేవులో కట్టేసి ఉన్న పడవలో షవరు తిప్పితే, సన్నటి వానలాగా ఎంత చక్కగా పడిందో! కుప్పమ్మ కూడా బుట్ట వదిలి లేచి చూసింది. కాశింవలి పాదాలు కడుక్కుని, చేతులు కడుక్కుని, ముఖం కడుక్కుని, గంగాధరం వైపు ఒక చూపు చూశాడు. గంగాధరం లేచి ఇంజను తాడు లాగాడు.

తిన్నగా పోయినంతసేపూ బాగానే పోయింది. వల కట్టిన కర్రలు అడ్డం వస్తే గంగాధరం పడవను కొంచెం తిప్పాడు. పడవ ఎడమకు ఒరిగింది. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీళ్ళన్నీ ఎడమకు వచ్చాయి. పడవ ఇంకా ఒరిగింది. గంగాధరం కుడికి తిప్పితే నీళ్ళు దబదబా కుడికి వచ్చాయి. మూడోసారి ఒరిగిన పడవ ఇక లేవలేదు. వేగం లేదు, చప్పుడు లేదు. భోంచేసిన పెద్దాయన మంచం మీద వాలినట్టు, నిదానంగా, మర్యాదగా పక్కకు పడుకుంది. అక్కడ లోతు నడుము దాకే కాబట్టి ప్రాణాలకు ఏమీ కాలేదు. కాశింవలి లేచి నిలబడేసరికి చేతిలో సబ్బు పెట్టె ఉంది. అది ఎప్పుడు ఊడిందో, తను ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు. ట్యాంకు నీళ్ళు సరస్సులో కలిసిపోయాయి. గట్టు మీద కుప్పమ్మ నవ్వు నీళ్ళ మీదుగా అతని దాకా వినిపించింది.

గంగాధరం ఒక్కడే రెండు రోజులు ఇంజను విప్పి కడుక్కున్నాడు. తిట్టి ఉంటే కాశింవలికి కాస్త తేలిగ్గా ఉండేది.

పడవ పడ్డ సాయంత్రమే కాశింవలి తిరుపతి బస్సెక్కాడు. ఒంటి మీద బట్టలు ఉప్పునీళ్ళలో తడిసినవే. వరదయ్యపాళెం దాటాక దురద మొదలైంది. శ్రీకాళహస్తిలో పక్కవాడు లేచి వెనక సీటుకు పోయాడు. అప్పుడు, ఆ ఖాళీ సీటు చూస్తూ, కాళ్ళు గోక్కుంటూ, కాశింవలికి జహీరున్నీసా గుర్తొచ్చింది. ఆ రోజు ఆమెకు రెండో పక్కన తనే కూర్చున్నాడు. బస్సు ఎక్కినప్పటినుంచి దిగేదాకా పక్షులు ఎటు పోయి ఉంటాయో చెబుతూనే ఉన్నాడు. ఆమె కాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సిగ్గేసింది. ఈ వయసులో ఇంత సిగ్గు పడాల్సి వస్తుందని అతను అనుకోలేదు.

జహీరున్నీసా తలుపు తీసి, అతన్ని పైనుంచి కింది దాకా చూసి, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. కాచిన నీళ్ళలో చన్నీళ్ళు తొలిపి, బాత్రూములో పీట వేసి కూర్చోబెట్టి, చెంబుతో తనే పోసింది. ఉప్పు వదిలాక అప్పుడు జరిగిందంతా చెప్పాడు. ట్యాంకు దగ్గర ఆమె పెదవి బిగబట్టింది. సబ్బు పెట్టె దగ్గరికొచ్చేసరికి ఇక ఆగలేక, చెంబు పక్కన పెట్టి, గోడకు చేరగిలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"పడవ అమ్మేస్తాలే" అన్నాడు కాశింవలి, తల తుడుచుకుంటూ.

"అమ్మేస్తే నేనెప్పుడు ఎక్కేది?"

అతను తువ్వాలు దింపి చూశాడు. ఆమె నవ్వు ఆపి చెప్పడం మొదలుపెట్టింది. జహీరున్నీసా పుట్టిల్లు బంగారుపాళ్యం. వాళ్ళ నాయన మామిడి తోటలు కౌలుకు తీసుకునేవాడు. పూత మీద మందు కొట్టేటప్పుడు ట్యాంకు ఏ చెట్టు మీదా పెట్టరు. మందు కింద డ్రమ్ములోనే ఉంటుంది. దాని పక్కన కాలిపంపు నిలబెట్టి ఒకరు తొక్కుతూ ఉంటే, ఇంకొకరు గొట్టం పట్టుకుని చిటారు కొమ్మ దాకా కొడతారు. పెళ్ళయ్యేదాకా ఆ పంపు తొక్కింది తనే. చెట్టంత ఎత్తుకు పోయే నీళ్ళు పడవలో మనిషి తలంత ఎత్తుకు రావా అని అడిగింది.

"నీళ్ళు పైనుంచే రావాలని ఎవరు చెప్పినారయ్యా నీకు? తొక్కేవాళ్ళుంటే కిందనుంచైనా వస్తాయి."

ముప్పై ఏళ్ళ ప్లంబరు మర్నాడు పొద్దున్నే బంగారుపాళ్యం పోయి, మందు వాసన తగలని కొత్త కాలిపంపు తెచ్చాడు. కొత్తదే కావాలని, తన అన్న నిస్సార్ ఇంట్లో ఉన్న పాతది ఊరికే ఇస్తానన్నా ముట్టుకోవద్దని ఆమె మరీ మరీ చెప్పి పంపింది.

ఫిబ్రవరి మూడో ఆదివారం, ఇంకా కాసిన్ని పక్షులు మిగిలి ఉండగా, జహీరున్నీసా రెండోసారి రేవుకు వచ్చింది. ఈసారి పాత చీర. యాభై లీటర్ల నీలం డ్రమ్ము పడవ అడుగున నడి మధ్యలో కూర్చుంది. పక్కన కాలిపంపు. అక్కడినుంచి పైపు బల్ల కిందుగా పోయి, అయిదున్నర అడుగుల సన్నటి కడ్డీ వెంట పైకి లేచి, ఆ వెండి రంగు షవరుకు చేరింది. సబ్బు పెట్టె కూడా మళ్ళీ బిగించి ఉంది. గంగాధరం పడవను అటూ ఇటూ ఊపి చూసి, ఎక్కమ్మా వదినా అన్నాడు.

పక్షులు కనబడ్డాయి. వందల కొద్దీ, పొడుగు కాళ్ళ మీద, తలలు నీళ్ళలో ముంచి, ఎవరినీ పట్టించుకోకుండా మేస్తున్నాయి. ఒకేసారి లేచినప్పుడు రెక్కల కింద ఆ గులాబీ రంగు చూసి జహీరున్నీసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంతలో పడవ అలవాటు ప్రకారం బురదలో ఇరుక్కుంది. కాశింవలి తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం తనే ముందు దిగి, నడుము దాకా తడిసి, తోసి, మళ్ళీ ఎక్కి, సూటిగా షవరు కింద నిలబడింది.

"ఊఁ, తొక్కు" అంది.

కాశింవలి బిస్మిల్లా అనుకుని తొక్కాడు. ఒక్క చుక్క రాలేదు. మళ్ళీ తొక్కాడు. పంపు బిగుసుకుపోయింది. ఒంటి బరువంతా వేసి ఎక్కి తొక్కితే, పంపు దగ్గర గొట్టం ఊడి గంగాధరం చొక్కా తడిసింది. గొట్టం బిగించాడు. పంపు విప్పి వాషరు చూశాడు, బాగానే ఉంది. డ్రమ్ములో చెయ్యి పెట్టాడు, నీళ్ళున్నాయి. గాలి పట్టిందేమోనని పైపు తట్టాడు. షవరు విప్పి ఊదాడు. చెమటలు పట్టాయి. ఎండకు ఆమె చేతుల మీద ఉప్పు తెల్లబడటం మొదలైంది. ఆమె ఆ చేతులే చూసుకుంటోంది. ఇరవై ఆరేళ్ళ తర్వాత, చేతిదాకా వచ్చింది కూడా పోతోందని కాశింవలికి ఏడుపొచ్చినంత పనైంది.

జహీరున్నీసా చేతులు చూసుకోవడం ఆపి, నెమ్మదిగా అడిగింది.

"ఏమయ్యా, మేనేజరు వాల్వు యాడ పెట్టినావు?"

కాశింవలి వంగి బల్ల కింద చెయ్యి పెట్టాడు. ఉంది. అడుగున, ఎవరికీ కనబడని మూలలో, ముప్పై ఏళ్ళ అలవాటుతో, తను పెడుతున్నానని తనకే తెలియకుండా పెట్టిన వాల్వు. పని అయ్యాక మూసేయడం కూడా అలవాటే కాబట్టి, శుభ్రంగా మూసి ఉంది. భార్య స్నానానికి తానే మేనేజరై కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఇంట్లో చేసిందీ అదేనని ఆ క్షణంలో తోచి, అతనికి తలెత్తబుద్ధి కాలేదు. గంగాధరం అడగబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, ఇంజను వైపు తిరిగి కూర్చున్నాడు.

వాల్వు తిప్పి తొక్కాడు. నీళ్ళు బుస్సుమని లేచి షవరు లోంచి పడ్డాయి. జహీరున్నీసా కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, చీరతోనే కింద నిలబడింది. చేతుల మీద తెలుపు కరిగి పోయింది. నాలుగు తొక్కులకు ఆగుతాడనుకుంది కాబోలు. అతను ఆగలేదు. డ్రమ్ము అడుగు కనబడేదాకా, పిక్కలు పట్టేసినా, తొక్కుతూనే ఉన్నాడు. మంచినీళ్ళు కాబట్టి తిరుపతి చేరేసరికి చీర ఊరికే ఆరిపోయింది. బస్సులో పక్క సీటామె లేచిపోలేదు సరికదా, ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ఆ వారమే కాశింవలి సీజను సంగతి ఎత్తకుండా, మంచం కింద పెట్టె తీసి, ఇంట్లో గోడ పగలగొట్టి షవరు బిగించాడు. పైన ట్యాంకు, లోపల పైపు, ఎక్కడా వాల్వు లేదు. జహీరున్నీసా మూడు రోజులు దాని కింద స్నానం చేసింది. నాలుగో రోజు మళ్ళీ బకెట్టూ చెంబూ తీసింది. నీళ్ళు చాలడం లేదా అని కంగారు పడ్డాడు.

"బాగానే వస్తా ఉండాయి. కానీ అవంతట అవే వస్తా ఉండాయి కదా" అంది. 

కాశింవలి రెండు రోజులు ఆలోచించాడు. పైపులు తప్ప వేరే ఆలోచన అలవాటు లేని మనిషికి అది తక్కువేమీ కాదు. పక్షులు వెళ్ళిపోయాక తడ పోయి, పడవలోంచి కాలిపంపు విప్పి తెచ్చి, ఇంటి షవరుకు కలిపాడు. ఇప్పటికీ ఆదివారం ఉదయం కొర్లగుంటలో ఆ ఇంటి ముందుగా పోతే తెలుస్తుంది. మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంటుంది. బాత్రూము తలుపు బయట, డ్రమ్ము పక్కన, అరవై దాటిన ప్లంబరు గోడ పట్టుకుని పంపు తొక్కుతూ ఉంటాడు. లోపలినుంచి ఇంకొంచెం గట్టిగా అని వినిపిస్తుంది, అతను గట్టిగా తొక్కుతాడు.